అంచున కాపు కాయాలా, అంచు దాటి దూకాలా: ప్లాట్‌ఫామ్ ఫైటర్లలో ఎడ్జ్‌గార్డ్‌ను ఎంచుకునే పద్ధతి

ప్లాట్‌ఫామ్ ఫైటర్ అంటే ప్రత్యర్థిని కొట్టి స్టేజ్ (పోరు జరిగే వేదిక) బయటికి పంపి గెలిచే ఆట; బయటికి వెళ్లినవాణ్ణి తిరిగి రానివ్వకుండా ఆపడమే ఎడ్జ్‌గార్డ్. అలాంటి ఆటలో మీ ప్రత్యర్థి స్టేజ్ బయటికి ఎగిరిపోయాడు. అతడు తిరిగి లెడ్జ్ (చేత్తో పట్టుకోగల స్టేజ్ అంచు) అందుకోవడానికి సెకనో సెకనున్నరో పడుతుంది. ఆ కాస్త వ్యవధిలోనే మీరు అంచు మీద నిలబడి కాపు కాయాలా, గాలిలోకి దూకి ఎదురెళ్లాలా అన్నది తేల్చుకోవాలి. కొత్తగా ఆడేవారు ఈ నిర్ణయాన్ని దూరాన్ని బట్టి తీసుకుంటారు. అంచుకు దగ్గరగా ఉంటే క్షేమమనీ, దూరం వెళితే ప్రమాదమనీ అనుకుంటారు. అందులో నిజం సగమే ఉంది. డబుల్ జంప్ (గాలిలో ఉండగా మరోసారి ఎగరడం) వాడేసి, అంచుకు కాస్త కిందుగా దెబ్బ తప్పినవాడి పరిస్థితి, స్క్రీన్ చివరిదాకా వెళ్లినా డబుల్ జంప్, అప్ స్పెషల్ (పాత్రను పైకి లేపే ప్రత్యేక ఎత్తుగడ) రెండూ మిగుల్చుకున్నవాడి పరిస్థితి కన్నా చాలా అధ్వాన్నంగా ఉంటుంది. అందువల్ల ఒక ఎడ్జ్‌గార్డ్ ఎంత ప్రమాదకరమో తెలుసుకోవాలంటే కొట్టబోయే దెబ్బను కాదు, ఆ దెబ్బ తప్పితే వెనక్కి వచ్చే దారిని చూడాలి. ఈ వ్యాసంలో ఉదాహరణలు ఎక్కువగా 2018లో వచ్చిన సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ నుంచి, కొన్ని 2001 నాటి మెలీ నుంచి తీసుకున్నాను. లెక్క వేసే పద్ధతి మాత్రం ఈ జాతి ఆటలన్నిటికీ వర్తిస్తుంది.

ముందు లెక్క పెట్టండి

అంచు దాటే ముందు రెండు లెక్కలు మనసులో ఉండాలి. మొదటిది ప్రత్యర్థి దగ్గర ఏమేం మిగిలాయన్నది: డబుల్ జంప్ ఉందా, ఎయిర్ డాడ్జ్ (గాలిలో దెబ్బ తప్పించుకునే కదలిక) వాడాడా, అప్ స్పెషల్ ఎంత ఎత్తు తీసుకువెళుతుంది, పక్కకు దూసుకువచ్చే సైడ్ స్పెషల్ ఏదైనా ఉందా. రెండోది మీ దగ్గర ఏమేం మిగులుతాయన్నది. ఈ రెండో లెక్కను చాలామంది అసలు వేయరు. వేసినా దెబ్బ తగిలితే ఏం మిగులుతుందో చూస్తారు తప్ప, తప్పితే ఏం మిగులుతుందో చూడరు.

ప్రత్యర్థి డబుల్ జంప్ మీద కన్నేసి ఉంచడం అన్నిటికన్నా ముఖ్యం. స్మాష్ ఆటల్లో గాలిలో దెబ్బ తిన్నవాడికి వాడేసిన అప్ స్పెషల్ మళ్లీ దక్కుతుంది, వాడేసిన డబుల్ జంప్ మాత్రం నేల మీదో లెడ్జ్ మీదో ఆనేదాకా దక్కదు. ఈ ఒక్క నియమం నుంచి రెండు ఆచరణ సూత్రాలు వస్తాయి. డబుల్ జంప్ చేస్తూ ఉన్నవాడికి తగిలిన చిన్న దెబ్బ కూడా ఎంతో విలువైనది. దాని వల్ల అతడు చనిపోకపోయినా, ఆ జంప్ వృథా అయిపోయి అతడు అప్ స్పెషల్ ఒక్కదాని మీదే ఆధారపడవలసి వస్తుంది. ఇక అప్ స్పెషల్ అయిపోయి నిస్సహాయంగా కిందికి జారుతున్నవాణ్ణి బలహీనమైన దెబ్బతో కొట్టడం అతడికి ఉపకారం చేయడమే అవుతుంది. లెడ్జ్ అందుకోలేక తనంతట తానే పోయేవాడికి మీరే మరో అవకాశం అందించినవారవుతారు. అటువంటి సందర్భంలో చేతులు కట్టుకుని చూస్తూ ఉండటమే ఉత్తమమైన ఎడ్జ్‌గార్డ్. ఇది హాస్యానికి అంటున్న మాట కాదు. ఏమీ చేయకుండా ఊరుకోవడం చేతకాక పోగొట్టుకున్న స్టాకులు (ఆటలో ప్రాణాలు) నా పాత రీప్లేల నిండా ఉన్నాయి.

అల్టిమేట్‌లో ఎయిర్ డాడ్జ్ గాలిలో ఉన్నంతసేపు ఒకసారికే పరిమితం. ఒక దిక్కుకు నెట్టి చేసే డాడ్జ్ తర్వాత చాలాసేపు కదలిక ఉండదు. మెలీలో అయితే గాలిలో డాడ్జ్ చేసినవాడు నేలను చేరేదాకా మరేమీ చేయలేడు. అందుకే ప్రత్యర్థి చేత డాడ్జ్ చేయించడమే ఒక లక్ష్యంగా పెట్టుకోవచ్చు. అతడి వైపు దూకండి, బటన్ నొక్కకండి, కాస్త ముందుకు జరిగి వెనక్కి రండి. భయంతో అతడు డాడ్జ్ చేస్తే, ఆ తర్వాతి ఖాళీలో కొట్టండి. చేయకపోతే మీరు పోగొట్టుకున్నది ఏమీ లేదు, డబుల్ జంప్‌తో తిరిగి స్టేజ్ మీదికి రావచ్చు. ఖర్చు అతి తక్కువ, రాబడి ఎక్కువ అయిన ఎత్తుగడ ఇదేనని నా అభిప్రాయం. అయినా దీన్ని సాధన చేసేవారు తక్కువ, ఎందుకంటే చూసేవారికి అక్కడ ఏమీ జరిగినట్టు అనిపించదు.

స్టేజ్ మీదే ఉండి చేయగలిగినవి

నేల మీద కాళ్లు ఉన్నంతవరకు మీ స్టాక్‌కు పెద్ద ముప్పు లేదు. ప్రొజెక్టైల్ (దూరం నుంచి విసిరే అస్త్రం) ఉన్న పాత్ర అయితే, ప్రత్యర్థి వచ్చే దారిలో ఒకటి వదిలి అతడి జంప్‌ను ముందుగానే ఖర్చు చేయించవచ్చు. లింక్ బాంబు, షీక్ సూదులు, పీచ్ పీకి విసిరే కూరగాయ, అన్నిటి పని ఒకటే: చంపడం కాదు, దారి మళ్లించడం. ప్రత్యర్థి పైనుంచి రావాలనుకున్నవాడు కిందికి దిగాడంటే అతడి చివరి మజిలీ ఎక్కడో మీకు తెలిసిపోయినట్టే.

లెడ్జ్ దగ్గర అల్టిమేట్ ఇచ్చే ప్రత్యేకమైన అవకాశం ఒకటి ఉంది. ప్రత్యర్థి లెడ్జ్ పట్టుకునే క్షణంలో రెండు ఫ్రేముల పాటు అతణ్ణి కొట్టవచ్చు. ఆట సెకనుకు 60 ఫ్రేములతో నడుస్తుంది గనుక అది సెకనులో ముప్పయ్యో వంతు. కంటితో చూసి కొట్టడం మనిషి వల్ల అయ్యే పని కాదు. అతడి అప్ స్పెషల్ ఎంతసేపట్లో లెడ్జ్‌ను చేరుతుందో ముందే తెలిసి ఉండి, ఆ సమయానికి హిట్‌బాక్స్ (దెబ్బ తగిలే ప్రాంతం) అంచు కిందికి వేలాడేలా దెబ్బ వేయాలి. ఎక్కువ ఫ్రేముల పాటు నిలిచే దెబ్బలు ఇందుకు అనుకూలం. తప్పితే మీకు జరిగే నష్టం సాధారణంగా ఒక లేచే దెబ్బో, అతడు మీ వెనక్కి దొర్లిపోవడమో అవుతుంది. స్టాక్ పోదు.

రెండు ఫ్రేముల వేటను వదిలేసి, అతణ్ణి లెడ్జ్ పట్టుకోనిచ్చి, అక్కడినుంచి లేచే క్షణం కోసం కాచుకోవడం ఇంకా క్షేమమైన దారి. ప్రత్యర్థి మామూలుగా లేవవచ్చు, దొర్లవచ్చు, కొడుతూ లేవవచ్చు, పైకి ఎగరవచ్చు, లేదా చేయి వదిలి మళ్లీ గాలిలోకి దిగవచ్చు. అన్నిటికీ ఒకే చోటు నుంచి జవాబు చెప్పలేరు; అయితే అంచు నుంచి ఒక దొర్లుడు దూరానికి కొంచెం లోపలగా, షీల్డ్ వేయడానికి సిద్ధంగా నిలబడితే మూడింటికైనా సమయానికి స్పందించవచ్చు. కొందరు దీన్ని ఎడ్జ్‌గార్డ్ అనరు, లెడ్జ్ ట్రాప్ అని వేరే పేరు పెడతారు. పేరు ఏదైనా, గాలిలోకి దూకడం మానుకున్నప్పుడు మీకు దక్కేది శూన్యం కాదు, ఈ స్థానమే. దూకడం వల్ల వచ్చే అదనపు లాభాన్ని దీనితో పోల్చి చూడాలి.

దగ్గరి నుంచి ఒక సందర్భం

మీ పాత్ర లూసినా, ఎదుట ఉన్న పాత్ర గానన్‌డార్ఫ్. అతడు 90 శాతం మీద, మీరు 35 శాతం మీద ఉన్నారు (శాతం అంటే తిన్న దెబ్బల లెక్క; అది పెరిగేకొద్దీ దెబ్బకు మరింత దూరం ఎగిరిపోతారు). మీ బ్యాక్ ఎయిర్ (గాలిలో ఉండి వెనక్కి వేసే దెబ్బ) తగిలి అతడు కుడి అంచు బయటికి వెళ్లాడు, కంగారులో వెంటనే డబుల్ జంప్ చేసేశాడు. ఇప్పుడు అతడు అంచుకు కిందుగా, కొంచెం దూరంగా ఉన్నాడు. లెడ్జ్ చేరాలంటే అప్ స్పెషల్ తప్ప దారి లేదు.

ఇక్కడ తొందరపడి అతడికి ఎదురుగా దూకినవారు ఒక సంగతి మరిచిపోతారు: గానన్‌డార్ఫ్ అప్ స్పెషల్ దారిలో ఉన్నవాణ్ణి పట్టుకుంటుంది, పట్టుకున్న తర్వాత అతడికి అప్ స్పెషల్ మళ్లీ వాడుకునే వీలు కలుగుతుంది. అంటే మీ శరీరమే అతడికి నిచ్చెన అవుతుంది. అతడి సైడ్ స్పెషల్ ఇంకా ప్రమాదకరం. అంచు బయట గాలిలో పట్టుకున్నాడంటే ఇద్దరూ కలిసే కిందికి పోతారు. కాబట్టి అతడి చేతికి అందే దూరంలోకి వెళ్లకూడదు. లూసినా కత్తికి పొడవు ఉంది. కత్తి కొన అతడి శరీరాన్ని తాకేంత దూరంలో మాత్రమే ఉండాలి.

చేయవలసింది ఇది. లెడ్జ్ పట్టుకుని చేయి వదలండి. అలా దిగితే మీ డబుల్ జంప్ ఇంకా మీదే. అతడు అప్ స్పెషల్ మొదలుపెట్టక ముందే, పైనుంచి కత్తి కొన అతడిని చేరేలా ఒక ఫార్వర్డ్ ఎయిర్ వేసి, దెబ్బ తగిలినా తగలకపోయినా డబుల్ జంప్‌తో స్టేజ్ వైపు తిరగండి. తగిలితే అతడు మరింత దూరం జరుగుతాడు, అప్ స్పెషల్‌కు లెడ్జ్ అందదు. తప్పితే మీకు డబుల్ జంప్ తర్వాత అప్ స్పెషల్ మిగిలే ఉంది. లూసినా అప్ స్పెషల్ నిలువుగా లేస్తుంది తప్ప పక్కకు పెద్దగా సాగదు. అందువల్ల కిందికి కొంత దిగినా పరవాలేదు గాని, అంచు నుంచి పక్కకు దూరం కాకూడదు. ఈ చివరి వాక్యం లూసినాకు చెందినది. మీ పాత్ర అప్ స్పెషల్ ఏ దిక్కుకు సాగుతుందో దాన్ని బట్టి మీ హద్దు మారుతుంది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. అల్టిమేట్‌లో ఒకసారి లెడ్జ్ పట్టుకుని వదిలాక, నేల మీద దిగకుండానో దెబ్బ తినకుండానో మళ్లీ పట్టుకుంటే రక్షణ కలిగించే అభేద్య స్థితి రెండోసారి రాదు. మీ దెబ్బ తప్పి, గానన్‌డార్ఫ్ ముందుగా స్టేజ్ చేరాడనుకోండి. మీరు తిరిగి లెడ్జ్ అందుకునేసరికి అతడు కాలు ఎత్తి సిద్ధంగా ఉంటాడు. వేటగాడు వేట అయ్యేది ఇక్కడే. కనుక దెబ్బ తప్పినప్పుడు లెడ్జ్ కోసం చూడకుండా, వీలైతే డబుల్ జంప్‌తో నేరుగా స్టేజ్ మీదికి, అదీ అతడికి కాస్త దూరంగా దిగడం మేలు.

లోతుకు దిగడం, కిందికి కొట్టడం

స్పైక్ మీద మోజు అందరికీ ఉంటుంది. ప్రత్యర్థిని నేరుగా కిందికి పంపే దెబ్బ చూడటానికి గొప్పగా ఉంటుంది. మెలీ తొలినాళ్ల విజేత కెన్ హోయాంగ్ మార్త్ పాత్రతో ఫార్వర్డ్ ఎయిర్ వెంట డౌన్ ఎయిర్ వేసి కిందికి కొట్టే వరుసకు అతడి పేరే స్థిరపడింది. అయితే ఆ వరుసలో ముందు దెబ్బ తగిలాకే రెండోది పడుతుంది. వట్టి డౌన్ ఎయిర్‌తో గుడ్డిగా దిగడం వేరు. కిందికి కొట్టే దెబ్బల్లో చాలావాటికి సరిగ్గా తగిలే చోటు ఇరుకు, తప్పితే కోలుకునే సమయం ఎక్కువ. ఆ సమయమంతా మీరు పడిపోతూనే ఉంటారు. పక్కకు నెట్టే మామూలు న్యూట్రల్ ఎయిర్ లేదా బ్యాక్ ఎయిర్ పది సందర్భాల్లో ఏడెనిమిదింటికి సరిపోతుందని నా అనుభవం. జంప్ లేని ప్రత్యర్థికి కిందికి పోయే దెబ్బ అక్కర్లేదు, కొంచెం దూరం జరిగితే చాలు.

స్టేజ్ గోడకు అతి దగ్గరగా, ప్రత్యర్థికి పైన ఉండి కొట్టడం మరో ప్రమాదం. అతడి అప్ స్పెషల్ మిమ్మల్ని గోడకేసి కొడితే మీరు గోడను తాకి కిందికి పడతారు. తాకే క్షణంలో షీల్డ్ నొక్కి టెక్ చేస్తే (పడిపోకుండా నిలదొక్కుకుంటే) బతుకుతారు గాని, దానికి వేలు ముందే సిద్ధంగా ఉండాలి. గోడ పక్కగా దూకే ప్రతిసారీ టెక్ నొక్కే ఆలోచనతోనే దూకడం అలవాటు చేసుకోవాలి. అదే గోడను మీరూ వాడుకోవచ్చు: ప్రత్యర్థికి బయటివైపు నుంచి లోపలికి కొడితే, తక్కువ శాతం మీద ఉన్నవాడు కూడా గోడకు తగిలి కిందికి పోతాడు.

పాత్రను బట్టి జాగ్రత్త మారుతుంది. ఐక్ అప్ స్పెషల్‌లో కొంతసేపు దెబ్బకు చలించని కవచం ఉంటుంది, దగ్గర ఉన్నవాణ్ణి తనతో పాటు కిందికి లాగుతుంది. అతడికి గాలిలో ఎదురెళ్లడం నాకు ఎప్పుడూ లాభసాటిగా కనిపించలేదు. మార్త్, లూసినా, లిటిల్ మ్యాక్ వంటి వారి దగ్గర కౌంటర్ ఉంది, అంచు బయట మీ బలమైన దెబ్బే మీకు తిరిగి తగులుతుంది. దానికి భిన్నంగా నెస్ తన మెరుపు గోళాన్ని తన మీదికే తిప్పుకునేదాకా గాలిలో నిలిచిపోతాడు. మెలీ ఫాక్స్ మంటతో దూసుకుపోయే ముందు దాదాపు 40 ఫ్రేములు అదే చోట వేచి ఉంటాడు. అటువంటి వారి మీదికి దూకడం కొంత సాహసమే అయినా, వారు కదలలేని ఆ సమయం మీకు హామీ వంటిది. జిగ్లీపఫ్, కర్బీ వంటి వారికి గాలిలో ఐదేసి జంప్‌లు ఉంటాయి గనుక, మీరే ఆ పాత్ర అయితే నేను పైన చెప్పిన హద్దులన్నీ చాలా సడలుతాయి. ప్రత్యర్థి ఆ పాత్ర అయితే ఒక జంప్ పోగొట్టినంత మాత్రాన సంబరపడకూడదు.

స్టాక్ విలువ ఎంత

స్టాక్ అంటే స్టాకే, అన్నీ సమానం అనుకోవడం పొరపాటు. ఊరికే ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. అంచు మీద కాపు కాస్తే పదిసార్లలో మూడుసార్లు ప్రత్యర్థి స్టాక్ పోతుందనీ, మీకు నష్టం లేదనీ అనుకోండి. గాలిలోకి దూకితే పదిలో ఐదుసార్లు అతడి స్టాక్ పోతుంది, రెండుసార్లు మీది పోతుంది. ఐదులోంచి రెండు తీసేస్తే మూడే మిగిలింది. చూడటానికి ఐదు పెద్దదిగా ఉన్నా, ఆ సాహసం వల్ల ఒనగూడింది ఏమీ లేదు.

ఇప్పుడు మీరు 140 శాతం మీద ఉన్నారనుకోండి. తర్వాతి గట్టి దెబ్బకు ఎలాగూ పోయే స్టాక్ అది. దాని విలువ పూర్తి స్టాక్‌లో నాలుగో వంతు అనుకుంటే, రెండుసార్లు పోవడం వల్ల నష్టం అర స్టాక్ మాత్రమే. ఐదులోంచి అర తీస్తే నాలుగున్నర. అదే సాహసం ఇప్పుడు మంచి ఎంపిక అయింది. దీన్ని తిప్పి ప్రత్యర్థికి అన్వయించండి. 150 శాతం మీద ఉన్నవాడు లెడ్జ్ నుంచి లేచేటప్పుడు ఏ దెబ్బ తగిలినా పోయేవాడే. వాడి కోసం మీ తాజా స్టాక్‌ను పణంగా పెట్టి లోతుకు దిగడం తెలివి కాదు. 30 శాతం మీద ఉండి, డబుల్ జంప్ పోగొట్టుకున్నవాడి స్టాక్ మాత్రం దాదాపు పూర్తి విలువ గలది, దాని కోసం కొంత తెగించవచ్చు. చాలామంది దీనికి సరిగ్గా విరుద్ధంగా ఆడతారు: తక్కువ శాతం మీద ఉన్నవాణ్ణి ‘ఇప్పుడే చావడులే’ అని వదిలేసి, ఎక్కువ శాతం మీద ఉన్నవాడి వెంట పడతారు. నేనూ ఒక పోటీలో రెండు స్టాకుల ఆధిక్యంలో ఉండి, 140 శాతం మీద ఉన్న ప్రత్యర్థి కోసం స్పైక్‌తో దిగి నా స్టాక్ పోగొట్టుకున్నాను. పోయినది ఒక్క స్టాకే అయినా, ఆ తర్వాత చేతులు స్థిమితంగా లేక మొత్తం ఆట పోయింది. లెక్కలో చూపలేని నష్టం అది.

ఇద్దరినీ కలిపి చంపే దెబ్బల విషయంలో, చివరి స్టాక్ మీద ఎవరు గెలిచినట్టన్నది ఆటను బట్టి, పోటీ నియమావళిని బట్టి మారుతుంది. బరిలోకి దిగే ముందే చదివి ఉంచుకోవాలి.

ఆట మారితే లెక్క మారుతుంది

మెలీలో లెడ్జ్‌ను ఒకరు పట్టుకుని ఉంటే మరొకరు పట్టుకోలేరు. ముందుగా వెళ్లి లెడ్జ్ పట్టుకుని వేలాడటమే అక్కడ క్షేమమైన ఎడ్జ్‌గార్డ్. పట్టుకున్న ప్రతిసారీ అర సెకనుకు పైగా అభేద్య స్థితి కూడా లభిస్తుంది. 2014లో వచ్చిన స్మాష్ ఈ పద్ధతిని తీసివేసింది. అప్పటి నుంచి రెండోవాడు లెడ్జ్ అందుకుంటే మొదటివాడు ఊడిపోతాడు. మెలీ నుంచి అల్టిమేట్‌కు వచ్చినవారు అలవాటు కొద్దీ లెడ్జ్‌కు వేలాడుతూ ప్రత్యర్థికి దారి ఇచ్చేస్తారు. 2017లో వచ్చిన మొదటి రైవల్స్ ఆఫ్ ఈథర్‌లో పట్టుకోవడానికి లెడ్జే లేదు, గోడను తన్ని పైకి ఎగరాలి; బ్రాల్‌హల్లాలోనూ లెడ్జ్ లేదు, గోడకు ఆనుకుంటూ పైకి రావచ్చు. ఆ రెండింటిలో కాపు కాయవలసిన చోటు ఒక బిందువు కాదు, గోడ పొడవంతా. అందువల్ల అంచు మీద నిలబడి చేసే కాపు అక్కడ బలహీనపడి, గాలిలోకి దిగవలసిన అవసరం పెరుగుతుంది.

సాధన

ట్రైనింగ్ మోడ్‌లో ప్రత్యర్థి లేకుండానే మొదలుపెట్టండి. లెడ్జ్ వదిలి, ఒక దెబ్బ వేసి, డబుల్ జంప్ చేసి, అప్ స్పెషల్‌తో తిరిగి రండి. ప్రతిసారీ కొంచెం ఎక్కువ దూరం వెళ్లి, ఎక్కడినుంచి తిరిగి రాలేకపోయారో అదే మీ హద్దు అని గుర్తుంచుకోండి. తర్వాత డబుల్ జంప్‌ను ముందే వాడేసి అదే సాధన చేయండి. రెండు హద్దుల మధ్య ఎంత తేడా ఉందో చూసినప్పుడు ఆ జంప్ విలువ అర్థమవుతుంది. దెబ్బ వేసే ప్రతిసారీ అది తప్పిందనే భావించి తిరిగి రావాలి.

నిజమైన ఆటలో తొలి స్టాక్‌ను పరిశీలనకు కేటాయించండి. ప్రత్యర్థి మొదటిసారి బయటికి వెళ్లినప్పుడు దూకకుండా చూడండి: జంప్ వెంటనే చేస్తాడా, చివరిదాకా దాచుకుంటాడా, ఎత్తుగా వస్తాడా, కిందనుంచి వస్తాడా. ఒత్తిడిలో చాలామంది రెండోసారీ అదే చేస్తారు, అప్పుడు మీ సాహసం సగం తగ్గుతుంది. ఆట ముగిశాక రీప్లేలో, ప్రత్యర్థి దెబ్బ తగలకుండానే మీరు పోగొట్టుకున్న స్టాకులు ఎన్నో లెక్కపెట్టండి. ప్రతిదానికీ దూకిన క్షణం దగ్గర రీప్లే ఆపి, అప్పటికి మీ డబుల్ జంప్ ఉందో లేదో చూడండి.